పదాల వరుస వెనుక చెట్టు: భాషను, మెదడును గణితం ఎలా చదువుతోంది?

‘పాత పుస్తకాల దుకాణం’ అన్న మూడు మాటలకు రెండు అర్థాలున్నాయి. పాతవి పుస్తకాలు కావచ్చు, లేదా దుకాణమే పాతది కావచ్చు. మాటలు అవే, వాటి వరుస కూడా అదే. మారినదల్లా ఏ మాట ఏ మాటతో ముందుగా జతకట్టింది అన్నదే. ‘పాత’, ‘పుస్తకాల’ ముందు కలిస్తే ఒక అర్థం, ‘పుస్తకాల’, ‘దుకాణం’ ముందు కలిస్తే మరొక అర్థం. చెవికి చేరేది మాటల వరుస మాత్రమే. వాటిని కలిపి ఉంచే కూర్పును వినేవారి మెదడు తనంతట తాను నిర్మించుకోవాలి.

ఈ కనిపించని కూర్పును కచ్చితమైన పద్ధతిలో వర్ణించడానికి గణితశాస్త్రం వంద సంవత్సరాలకు పైగా ప్రయత్నిస్తోంది. ఆ ప్రయత్నం ప్రధానంగా రెండు దారుల్లో సాగింది. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో లెక్కగట్టే సంభావ్యతా గణితం ఒకటి. ఏ మాట ఏ మాటల గుంపులో ఇమిడి ఉందో చెప్పే బీజగణితం రెండవది. మొదటిది వాక్యాన్ని వరుసగా చూస్తుంది, రెండవది చెట్టుగా చూస్తుంది. మానవ మెదడు వీటిలో దేనిని అనుసరిస్తుంది, లేక రెండింటినీ కలిపి వాడుకుంటుందా అన్నది నేటి నాడీశాస్త్రం ముందున్న పెద్ద ప్రశ్నల్లో ఒకటి. పక్షవాతంతో మాట కోల్పోయినవారికి మాటను తిరిగి ఇచ్చే యంత్రాల తయారీకీ ఈ ప్రశ్నతో నేరుగా సంబంధముంది.

ఛందస్సులో లెక్క, వ్యాకరణంలో సూత్రం

భాషను గణిత దృష్టితో చూడటం భారతదేశానికి కొత్త కాదు. గురువు, లఘువు అనే రెండు గుర్తులతో మూడక్షరాల గణాలు ఎనిమిది మాత్రమే ఏర్పడతాయని తెలుగు పద్యం చదువుకున్న ప్రతి విద్యార్థికీ తెలుసు. రెండును మూడుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. ఇటువంటి అమరికలన్నింటినీ ఒక్కటీ విడిచిపెట్టకుండా వరుసగా రాసే ‘ప్రస్తార’ పద్ధతికి పింగళుని ఛందశ్శాస్త్రం ఆధారం.

మాత్రల లెక్క మరింత ఆసక్తికరం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఆ లెక్కన మూడు మాత్రలను మూడు విధాలుగా, నాలుగు మాత్రలను ఐదు విధాలుగా, ఐదు మాత్రలను ఎనిమిది విధాలుగా నింపవచ్చు. ప్రతి సంఖ్యా తనకు ముందున్న రెండు సంఖ్యల మొత్తమే. కంద పద్యంలో అనుమతించే గగ, భ, జ, స, నల అనే ఐదు గణాలూ సరిగ్గా ఆ నాలుగు మాత్రల ఐదు అమరికలే. ఐరోపాలో ఫిబొనాచ్చి పేరుతో ప్రసిద్ధమైన ఈ సంఖ్యల వరుసను 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఛందస్సు సందర్భంలోనే వివరించాడు.

పద్యపాదాన్ని దాటి మొత్తం భాషకు నియమాలు కట్టిన ఘనత పాణినిది. సుమారు 4 వేల సూత్రాలున్న ‘అష్టాధ్యాయి’లో ఒక సూత్రం ఇచ్చిన ఫలితం మరో సూత్రానికి ముడిసరుకు అవుతుంది. రెండు సూత్రాలు ఒకేచోట వర్తించినప్పుడు దేనిది పైచేయి కావాలో కూడా అందులోనే నియమం ఉంది. వాక్యంలో పదం ఎన్నో స్థానంలో ఉందన్నది కాక, క్రియతో దానికున్న సంబంధమేమిటన్నదే ముఖ్యమని చెప్పే కారక సిద్ధాంతం ఈ సంప్రదాయంలోనిదే. ‘రాముడు రావణుని చంపాడు’ అన్నా, ‘రావణుని రాముడు చంపాడు’ అన్నా కర్త, కర్మ మారవు. ఈ సిద్ధాంతం ఆధారంగా భారతీయ భాషలను కంప్యూటర్లతో విశ్లేషించే పద్ధతిని అక్షర భారతి బృందానికి చెందిన వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ 1995లో వెలువడిన గ్రంథంలో ప్రతిపాదించారు.

మాటల వరుసను లెక్కించిన మార్కోవ్, షానన్

సంభావ్యత దారికి తొలి అడుగు 1913లో పడింది. రష్యన్ గణితవేత్త ఆంద్రే మార్కోవ్ కవి పుష్కిన్ రాసిన ‘యెవ్గెనీ ఒనేగిన్’ నుంచి 20 వేల అక్షరాలను తీసుకొని అచ్చులను, హల్లులను చేత్తో లెక్కించారు. మొత్తం మీద అచ్చులు 43 శాతం. అయితే ఒక అచ్చు వెంటనే మరో అచ్చు వచ్చే అవకాశం 13 శాతమే కాగా, హల్లు తరువాత అచ్చు వచ్చే అవకాశం 66 శాతం. అంటే ఒక అక్షరం తరువాతి అక్షరంపై ప్రభావం చూపుతోంది. ‘మార్కోవ్ శృంఖల’ అనే గణిత భావనను భాషకు వర్తింపజేసిన తొలి లెక్క ఇదే.

అమెరికా ఇంజినీరు, గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతాన్ని స్థాపించి, 1951లో దానిని అచ్చులో ఉన్న ఇంగ్లీషుపై ప్రయోగించారు. 26 అక్షరాలు, మాటల మధ్య ఖాళీ కలిపి 27 గుర్తులు సమాన అవకాశంతో వస్తే ఒక్కో గుర్తులో 4.75 బిట్ల సమాచారం ఉండాలి. ముందున్న పాఠాన్ని చూపి తరువాతి అక్షరాన్ని ఊహించమని మనుషులను అడిగినప్పుడు, అసలు సమాచారం అక్షరానికి 0.6 నుంచి 1.3 బిట్ల మధ్యే ఉంటుందని ఆయన అంచనాకు వచ్చారు. భాషలో అధిక భాగం ముందే ఊహకందుతుందన్నది దీని సారాంశం. నేటి కృత్రిమ మేధా నమూనాలు తరువాతి మాటను ఊహిస్తూ నేర్చుకోవడానికి మూలభావన ఇక్కడిదే.

వరుస ఎందుకు చాలదు?

‘రాజు కమల పిల్లలు వెళ్లారని చెప్పిందని అన్నాడు’ అన్న వాక్యాన్ని చూద్దాం. వెళ్లింది పిల్లలు, చెప్పింది కమల, అన్నది రాజు. మొదట వచ్చిన కర్తకు క్రియ చివరన ఉంది, చివర వచ్చిన కర్తకు క్రియ మొదట వచ్చింది. కుండలీకరణాలు ఒకదానిలో ఒకటి తెరుచుకొని, తెరిచిన క్రమానికి వ్యతిరేకంగా మూసుకున్నట్టు ఈ వాక్యం అల్లుకుంది. ‘అన్నాడు’ అన్న క్రియ పుంలింగ ఏకవచనంలో ఎందుకుందో దాని పక్కనున్న ‘చెప్పిందని’ అన్న మాట చెప్పలేదు. వాక్యం మొదట్లో వచ్చిన ‘రాజు’ను గుర్తుంచుకుంటేనే అది తెలుస్తుంది.

ఇటువంటి అల్లికకు సూత్రప్రాయంగా హద్దు లేదు. పరిమితమైన స్థితులు మాత్రమే ఉన్న యంత్రం, ముందున్న కొద్ది మాటలను చూసి తరువాతి మాటను నిర్ణయించే నమూనా, దీనిని పూర్తిగా వర్ణించలేవని నోమ్ చామ్‌స్కీ 1956లో వాదించారు. వ్యాకరణాలను వాటి శక్తిని బట్టి మెట్లుగా విభజించిన ఆయన వర్గీకరణ నేడు కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులకు ప్రాథమిక పాఠం.

మరోవైపు ఇదే సమయంలో నాడీకణాల గణితం కూడా రూపుదిద్దుకుంది. నాడీకణాన్ని ‘ఉంది’, ‘లేదు’ అనే రెండు స్థితుల తార్కిక యంత్రంగా భావించి వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ 1943లో ఒక నమూనాను ప్రతిపాదించారు. అటువంటి కణాల వలయాలు ఏయే గుర్తుల వరుసలను గుర్తించగలవో తేల్చిన స్టీఫెన్ క్లీనీ అధ్యయనం 1956లో ప్రచురితమైంది. ఆయన కనుగొన్న తరగతి చామ్‌స్కీ మెట్లలో అట్టడుగున ఉన్న పరిమిత స్థితి యంత్రాల తరగతే. మెదడును అర్థం చేసుకోవడానికి పుట్టిన గణితమే భాషా గణితంలో తొలి మెట్టు అయింది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని అంచనా. ఎంత పెద్దదైనా అది పరిమితమైన యంత్రమే. పైన చెప్పిన వాక్యంలో మరో రెండు పొరలు చేర్చితే తెలుగువారెవరైనా తడబడతారు. వాడుకలో మనం ‘పిల్లలు వెళ్లారని కమల చెప్పిందని రాజు అన్నాడు’ అనే అంటాం. అర్థం అదే, కూర్పు అదే. కానీ ప్రతి కర్తకూ తన క్రియ వెంటనే దొరుకుతుంది కాబట్టి జ్ఞాపకంపై బరువు తగ్గుతుంది. నియమం హద్దులు లేనిది, దానిని మోసే జ్ఞాపకం మాత్రం హద్దులున్నది. ఆ నియమం పరిమితమైన నాడీకణాల్లో ఎలా నెలకొని ఉందన్నదే అసలు ప్రశ్న.

భౌతికశాస్త్రం నుంచి వచ్చిన బీజగణితం

చామ్‌స్కీ తరువాతి కాలంలో వాక్య నిర్మాణ నియమాలన్నింటినీ ‘మెర్జ్’ అనే ఒకే మౌలిక క్రియకు కుదించారు. మెర్జ్ అంటే కలపడం. రెండు అంశాలను తీసుకొని ఒక జంటగా చేయడం, ఆ జంటను మళ్లీ మరొక అంశంతో కలపడం ఇందులోని పని. ఆ జంటలో ముందు వెనుకలు లేవు. వరుస అనేది నోటితో పలికేటప్పుడు మాత్రమే ఏర్పడుతుంది. పదాల స్థానాలు మార్చినా అర్థం చెడని తెలుగు వంటి భాషల వారికి ఈ ఆలోచన కొంత సహజంగానే తోస్తుంది.

ఈ క్రియకు అధునాతన గణిత రూపాన్ని ఇచ్చే పనిని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యురాలైన ఇటలీ గణితవేత్త మటిల్డే మార్కొల్లి చేపట్టారు. చామ్‌స్కీ, రాబర్ట్ బెర్విక్‌లతో కలిసి ఆమె 2023లో వెలువరించిన పత్రాలు 2025లో ఎంఐటీ ప్రెస్ ద్వారా గ్రంథంగా వచ్చాయి. ఇందులో వాడిన ప్రధాన పరికరం ‘హాప్ఫ్ బీజగణితం’. ఒక చెట్టును కొమ్మలుగా విడదీసే క్రియ, విడి కొమ్మలను ఒకచోట చేర్చే క్రియ ఒకదానితో ఒకటి పొందికగా ఉండే నిర్మాణమిది.

ఈ పరికరం భాషకు పూర్వం భౌతికశాస్త్రంలో పనిచేసింది. ప్రాథమిక కణాల లెక్కల్లో అర్థంలేని అనంత విలువలు ఎదురవుతాయి. ఒక లెక్కలో మరో లెక్క ఇమిడి ఉండటంతో ఆ అనంతాలను లోపలి నుంచి బయటకు, పొరలు పొరలుగా తొలగించాలి. ఆ పొరలను చెట్లుగా రాసి, వాటిని హాప్ఫ్ బీజగణితంతో సరిచేయవచ్చని డిర్క్ క్రైమర్, అలెన్ కాన్ 1990ల చివర్లో చూపారు. వాక్యంలోనూ పదబంధంలో పదబంధం ఇమిడి ఉంటుంది. మొత్తం వాక్యానికి ఇచ్చే అర్థం దాని ప్రతి భాగపు అర్థంతో పొసగాలి. ఈ పొసగించే పనికి భౌతికశాస్త్రంలోని పద్ధతే నమూనా కాగలదన్నది మార్కొల్లి బృందం ప్రతిపాదన. అయితే ఇది గణిత సిద్ధాంతం మాత్రమే. మెదడులో ఇలాగే జరుగుతోందనడానికి ఇది సాక్ష్యం కాదు.

సమస్య ఎంత పెద్దదో ఒక లెక్క తెలుపుతుంది. పది మాటలను వాటి వరుస చెదరకుండా జంటలు జంటలుగా కలుపుతూ పోతే 4,862 రకాల చెట్లు ఏర్పడతాయి. వరుసను పట్టించుకోకపోతే ఆ సంఖ్య 3,44,59,425. వినేవారు ఇందులోంచి సరైనదానిని రెండు మూడు సెకన్లలో ఎంచుకుంటున్నారు. ప్రతి అవకాశాన్నీ విడివిడిగా పరిశీలించేంత సమయం మెదడుకు లేదు. ఏ కలయికకు అవకాశం ఎక్కువో ముందే అంచనా వేయగలిగితే వెతుకులాట తగ్గుతుంది. కాబట్టి చెట్టు దారి, సంభావ్యత దారి పరస్పర విరుద్ధాలు కాకపోవచ్చు.

మెదడు ఇస్తున్న సాక్ష్యాలు

మాటకు మెదడులో స్థానముందని 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా చూపారు. ‘టాన్’ అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి మరణానంతరం అతని మెదడు ఎడమ ముందుభాగంలో గాయం కనిపించింది. 1874లో కార్ల్ వెర్నికె మాటను అర్థం చేసుకోవడానికి సంబంధించిన మరో ప్రాంతాన్ని గుర్తించారు. నాడీకణంలో విద్యుత్ సంకేతం ఎలా ప్రయాణిస్తుందో స్క్విడ్ అనే సముద్రజీవి నాడిపై ప్రయోగాలు చేసి, అలన్ హాజ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1952లో సమీకరణాలుగా రాశారు. వారికి 1963లో నోబెల్ బహుమతి లభించింది. ఒక కణం గణితం అలా తేలింది. కోట్ల కణాలు కలిసి ఒక వాక్యాన్ని ఎలా కూరుస్తాయన్నది మిగిలిపోయింది.

ఆ దిశలో గత కొన్నేళ్లలో కీలక ప్రయోగాలు జరిగాయి. ఫ్రాన్స్ పరిశోధకులు క్రిస్టోఫ్ పాలియే, స్టానిస్లాస్ డెహాన్ తదితరులు 2011లో పన్నెండు పదాల వరుసలను చూపుతూ మెదడును స్కాన్ చేశారు. కొన్ని వరుసల్లో పదాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కొన్నింటిలో రెండేసి, మూడేసి, నాలుగేసి పదాల బంధాలున్నాయి. కొన్ని పూర్తి వాక్యాలు. పదాల సంఖ్య ఒకటే అయినా బంధం పెద్దదయ్యేకొద్దీ ఎడమ మెదడులోని భాషా ప్రాంతాల చురుకుదనం పెరిగింది. నామ, క్రియా పదాల స్థానంలో అర్థంలేని పదాలు పెట్టినా కొన్ని ప్రాంతాల్లో ఈ పెరుగుదల కొనసాగింది.

నై డింగ్, డేవిడ్ పోపెల్ తదితరులు 2016లో చేసిన ప్రయోగం మరింత చర్చకు దారితీసింది. చైనా భాషలో సెకనుకు నాలుగు అక్షరాల చొప్పున ఎటువంటి విరామం, ఊనిక లేకుండా వినిపించారు. ప్రతి రెండు అక్షరాలకు ఒక పదబంధం, ప్రతి నాలుగింటికి ఒక వాక్యం పూర్తవుతుంది. ఆ భాష తెలిసినవారి మెదడు సంకేతాల్లో సెకనుకు నాలుగు, రెండు, ఒకటి చొప్పున మూడు లయలు కనిపించాయి. ఆ భాష తెలియనివారిలో అక్షరాల లయ ఒక్కటే కనిపించింది. శబ్దంలో లేని పదబంధాన్ని, వాక్యాన్ని వినేవారి మెదడే కడుతోందని పరిశోధకులు భావించారు.

అయితే పదాల గణాంక లక్షణాలు మాత్రమే తెలిసిన, చెట్టు ఊసే లేని నమూనా నుంచి కూడా ఇటువంటి లయలే వెలువడతాయని స్టీఫన్ ఫ్రాంక్, జిన్‌బియావో యాంగ్ 2018లో చూపారు. వేరొక ప్రయోగంలో, మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల్లో ఒక్కో పదం చదివేకొద్దీ చురుకుదనం పెరిగి, పదాలు ఒక బంధంగా ముడిపడగానే తగ్గినట్టు 2017లో తేలింది. పదాల వరుస మీద ఆధారపడిన నమూనాల కంటే పదబంధ నమూనాయే ఆ సంకేతాలకు మెరుగ్గా సరిపోయిందని ఆ బృందం తెలిపింది.

సంభావ్యత దారికీ బలమైన ఆధారాలున్నాయి. వాక్యంలో పొసగని పదం వచ్చినప్పుడు సుమారు 400 మిల్లీసెకన్ల తరువాత మెదడులో ఒక ప్రత్యేక విద్యుత్ తరంగం కనిపిస్తుందని మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ 1980లో కనుగొన్నారు. పదం ఎంత అనూహ్యమో కొలిచే సూత్రాన్ని జాన్ హేల్ 2001లో, రోజర్ లెవీ 2008లో వాక్య గ్రహణానికి వర్తింపజేశారు. రెండింట ఒక వంతు అవకాశమున్న పదానికి కొలత ఒక బిట్, 1,024లో ఒక వంతు అవకాశమున్న పదానికి పది బిట్లు. ఈ కొలత పెరిగేకొద్దీ చదవడానికి పట్టే సమయమూ పెరుగుతుంది.

తెలుగుకు దీనితో పనేమిటి?

2023లో ‘నేచర్’ పత్రికలో అమెరికాకు చెందిన రెండు బృందాలు మాట కోల్పోయినవారి మెదడు సంకేతాలను నేరుగా మాటలుగా మార్చిన ఫలితాలను ప్రకటించాయి. స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 పదాలు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 78 పదాల వేగాన్ని సాధించాయి. 1,25,000 పదాల జాబితాతో పనిచేసినప్పుడు స్టాన్‌ఫర్డ్ పరికరంలో సుమారు నాలుగింట ఒక పదం తప్పుగా వచ్చింది. ఈ పరికరాలు సంకేతాల నుంచి ధ్వనులను పోల్చుకొని, వాటికి సరిపోయే పదాలను భాషా సంభావ్యత ఆధారంగా ఎంచుకుంటాయి. మార్కోవ్ లెక్క ఇలా రోగి పడక దగ్గరికి చేరింది.

ఇవి ఇంగ్లీషు కోసం తయారైన పరికరాలు. 2011 జనగణన ప్రకారం 8.11 కోట్ల మంది మాతృభాషగా పేర్కొన్న తెలుగులో పదాల జాబితా తయారు చేయడమే కష్టం. ‘వెళ్లు’ అన్న ఒక్క ధాతువు నుంచి ‘వెళ్లలేకపోయినందువల్ల’, ‘వెళ్లాలనుకున్నవాళ్లకు’ వంటి రూపాలు వందలుగా పుడతాయి. ఇంగ్లీషులో ఒక పదబంధం చేసే పనిని తెలుగులో ఒకే పదం చేస్తుంది. ఏ జాబితా అయినా చాలదు. పదం లోపలి కూర్పును తెలిపే నియమాలు కావాలి, వాటిలో ఏది ఎంత తరచుగా వస్తుందో తెలిపే సంభావ్యతా కావాలి.

పక్షవాతం తరువాత వచ్చే భాషా లోపాల పరీక్షకూ ఇది వర్తిస్తుంది. బ్రోకా ప్రాంతం దెబ్బతిన్న ఇంగ్లీషు రోగులు తరచుగా ప్రత్యయాలను వదిలేసి మాట్లాడతారు. ప్రత్యయం లేకుండా పదమే నిలవని భాషల్లో రోగులు వదిలేయడానికి బదులు ఒక ప్రత్యయానికి మరొకదానిని వాడతారు. ఇంగ్లీషు కోసం తయారైన పరీక్షను అనువదించి వాడితే విభక్తులపై నడిచే భాషలో అసలు లోపం బయటపడకపోవచ్చు.

ఒక గణిత ఆకృతి మెదడులో నిజంగా దొరకడం అసాధ్యమేమీ కాదు. జంతువులకు దారి తెలిపే ‘గ్రిడ్ కణాల’ను నార్వే శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. ఎలుకల్లో ఈ కణాలను వందల సంఖ్యలో ఒకేసారి గమనించినప్పుడు వాటి స్పందనలు గారె ఉపరితలం వంటి ఆకృతిపై అమరుతున్నాయని 2022లో టోపాలజీ పద్ధతులతో తేలింది. వాక్య నిర్మాణం విషయంలో అటువంటి ఆకృతి ఇంతవరకు దొరకలేదు. భాష మనిషికే పరిమితం కావడంతో జంతువులపై ప్రయోగాలు చేసే వీలు లేదు. మెదడు లోపలి నుంచి సంకేతాలు అందేది చికిత్స అవసరమైన కొద్దిమంది రోగుల నుంచే. వరుసను చదివే గణితం యంత్రాలకు మాటలు నేర్పింది. చెట్టును చదివే గణితం వాక్యానికి లోపలి రూపాన్ని ఇచ్చింది. ఆ రెండింటినీ నాడీకణాల భాషలోకి కలిపి రాసే సమీకరణం కోసం ఇప్పుడు అన్వేషణ సాగుతోంది.